ఆయిల్ 130 దాటితే: ఒక గ్యారేజీ వాక్యానికి ప్రతిపదార్థం

మూలం:

"ట్రాక్ మీద ఆయిల్ వేడి 130 దాటుతుంటే గేరు పైకి వేసి నడుపు, పిట్‌లోకి రాగానే చటుక్కున ఆపకు, కూలర్ పెడితే థర్మోస్టాట్ ఉన్నదే పెట్టు, గ్రేడు మార్చేముందు ప్రెజర్ చూడు."

ఇది ఏ పుస్తకంలోదీ కాదు. స్పోర్ట్స్ కార్లు విప్పి బిగించేవాళ్లు కొత్తగా కారు కొన్న కుర్రాళ్లకు విడివిడిగా చెప్పే మాటల్ని ఒక్క వాక్యంగా కూర్చాను, అంతే. విన్నవాళ్లలో ఎక్కువమంది 'కూలర్ పెడితే' దగ్గరే చెవి మూసేసుకుని కూలర్ల ధరలు వెతకడం మొదలుపెడతారు. నన్నడిగితే వాక్యానికి ప్రాణం చివర్లో ఉన్న 'ప్రెజర్'. వేడి కబురు తెచ్చేది మాత్రమే. ఇంజన్‌ని చంపేది లోహానికీ లోహానికీ మధ్య ఆయిల్ పొర తెగిపోవడం.

ఉదాహరణకు ఒక కారు కావాలి కాబట్టి నిస్సాన్ 370జెడ్‌ని తీసుకుంటాను. 3.7 లీటర్ల వీ6, టర్బో లేదు, 332 గుర్రాలు, నిమిషానికి 7500 రెవ్వుల దాకా తిరిగే ఇంజన్. 2009లో అమెరికా రోడ్ల మీదికొచ్చింది. మన దేశంలోనూ కొన్నాళ్లు అమ్మారు. ఆయిల్ వేడి గురించి ఇంతగా చర్చకు తావిచ్చిన కారు ఈ తరంలో ఇంకొకటి లేదేమో.

ట్రాక్ మీద: రోడ్డు మీద గంటకు 100 కి.మీ. వేగాన్ని నిలబెట్టడానికి మామూలు కారుకు ఇరవై, పాతిక గుర్రాలు చాలు. ఔటర్ రింగ్ రోడ్డెక్కి ఎంత హుషారుగా తోలినా, పూర్తి యాక్సిలరేటర్ మీద గడిపేది సెకన్ల లెక్కే. ట్రాక్ మీద అలా కాదు. మూల మలుపు రాగానే బ్రేకు, దాటగానే మళ్లీ కాలు నేలకు. ఇంజన్ 5000 కిందికి దిగకుండా 7500 దాకా పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటుంది. ట్రాక్ డేల్లో ఒక్కో సెషన్ ఇంచుమించు ఇరవై నిమిషాలు. నోయిడా దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో ఒక చుట్టు 5 కి.మీ. పైచిలుకు, శ్రీపెరంబుదూర్ దగ్గరి మద్రాస్ ట్రాక్ 3.7 కి.మీ. అక్కడి వేసవి సంగతి చెప్పక్కర్లేదు. అందుకే 'ట్రాక్ మీద' అన్న షరతు వాక్యం మొదట్లోనే పెట్టాను. ఆఫీసుకు వెళ్లొచ్చే కారుకు ఈ వ్యాఖ్యానంతో పని లేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లకూ లేదు. వాటిలో ఇంజనూ లేదు, ఇంజనాయిలూ లేదు. వాటి చింతంతా బ్యాటరీ వేడి గురించే.

ఆయిల్ వేడి: రేడియేటర్ నీళ్ల వేడి వేరు, ఇది వేరు. కూలెంట్ సిలిండర్ గోడల చుట్టూ, హెడ్‌లో తిరుగుతుంది. అది వెళ్లలేని చోట్లకు వెళ్లేది ఆయిలే. పిస్టన్ అడుగుభాగం, రింగులు, క్రాంక్ బేరింగులు, క్యామ్‌లు, టర్బో ఉంటే దాని ఇరుసు, వీటన్నిటి వేడినీ మోసుకుని ఇంజన్ అడుగునున్న సంపులోకి జారేది అదే. పైగా బేరింగుల సందుల్లో నలగడం వల్ల దానికదే వేడి పుట్టిస్తుంది కూడా. ఈ తేడా తెలియక చాలామంది 'టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది కదా' అని ధీమాగా ఉంటారు. ఆ ముల్లు కూలెంట్‌ది. ఇప్పటి కార్లలో చాలావాటికి అది కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా మధ్యలోనే నిలబడేలా కంపెనీయే సర్దిపెడుతుంది, కస్టమర్ కంగారు పడకుండా.

ఇంకో మెలిక, సెన్సర్ ఎక్కడుంది అన్నది. సంపులో పెడితే ఇంజనంతా తిరిగొచ్చి జారిన ఆయిల్ వేడి తెలుస్తుంది. కూలర్ దాటాక పెడితే చల్లబడ్డ ఆయిల్ అంకె కనిపిస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. బేరింగు లోపలి వేడి ఈ రెంటికంటే ఇరవై ముప్పై డిగ్రీలు ఎక్కువే ఉండొచ్చు. కాబట్టి 'నా కారులో 115 దాటదు' అని ఎవరైనా గొప్పకు పోతే, సెన్సర్ ఎక్కడ బిగించావని అడగాలి.

130: సెల్సియస్‌లో. అమెరికాలో ఉన్నవాళ్ల మీటర్లలో ఇది 266. ఈ అంకె దగ్గర ఏ మాయా జరగదు. 129 క్షేమం, 131 ప్రమాదం అని ఎవరూ గీత గియ్యలేదు. మరి ఎందుకీ అంకె?

పలచబడటం చూద్దాం. మామూలు 5డబ్ల్యూ-30 సింథటిక్ ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర అరవై సెంటిస్టోక్స్ చిల్లర. 100కు వచ్చేసరికి పది, పదకొండు. 130 దగ్గర ఆరు. అంటే గ్రేడు లెక్కకు చూసే 100 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో దాదాపు సగం కరిగిపోయింది. బేరింగుకూ క్రాంకుకూ మధ్య బరువు మోసే ఆ పొర మందం మైక్రాన్లలో ఉంటుంది. చిక్కదనం తగ్గితే అదీ తగ్గుతుంది. ఇంతవరకు ఇంజన్ డిజైన్ చేసినవాళ్లకు తెలిసిన సంగతే. అందుకే ఆయిల్‌ను 150 డిగ్రీల దగ్గర, బేరింగులో నలిగినంత వేగంగా నలిపి, అప్పుడెంత చిక్కగా మిగిలిందో చూసే పరీక్ష ఒకటుంది. దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 30 గ్రేడు ఆ పరీక్షలో కనీసం 2.9 నిలబెట్టుకోవాలి, 20 గ్రేడుకు 2.6 చాలు. డబ్బా మీద 'సూపర్', 'అల్ట్రా' అన్న మాటల కన్నా ఈ చిన్న అంకె నూరు రెట్లు పనికొస్తుంది. దురదృష్టం ఏమిటంటే అది డబ్బా మీద ఉండదు, కంపెనీ డేటా షీటులో వెతుక్కోవాలి.

రెండోది ఆయుష్షు. ప్రతి పది డిగ్రీలకూ ఆయిల్ గాలితో కలిసి చెడిపోయే వేగం రెట్టింపవుతుందని మోటు లెక్క. బజ్జీల బండి మీద పొద్దున్న పోసిన నూనె సాయంత్రానికి నల్లబడి జిగటవ్వడం లాంటిదే ఇదీ. మంచి సింథటిక్ 130ను గంటల తరబడి తట్టుకుంటుంది, ఒక సెషన్‌లో 140 తాకినా అప్పటికప్పుడు కొంపలు మునగవు. కానీ పదివేల కిలోమీటర్లకు మార్చాల్సిన ఆయిల్‌ను రెండు మూడు ట్రాక్ డేలకే మార్చెయ్యాలి.

370జెడ్ విషయానికొస్తే, డ్యాష్‌బోర్డు మధ్యలో ఉండే మూడు మీటర్లలో ఒకటి ఆయిల్ వేడిది. వేసవిలో హైవే మీదే అది 104, 105 చూపించడం (220 ఫారెన్‌హీట్) ఆ కార్ల యజమానులకు అలవాటే. ట్రాక్ మీద కొన్ని చుట్లకే పైకెగబాకుతుంది. 280 ఫారెన్‌హీట్, అంటే 138 సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ జోక్యం చేసుకుని రెవ్వులు కోసేస్తుంది. కారు మూలుగుతూ పిట్‌లోకి రావాల్సిందే. మొదటి ఏళ్లలో ఈ కారుకు ఆయిల్ కూలర్ లేకపోవడమే దీనికి మూలం. పత్రికలవాళ్లు ట్రాక్ మీద నడిపి ఈ మాటే రాశారు, తర్వాతి మోడళ్లలో నిస్సాన్ కూలర్ చేర్చింది. అయినా ఆ కంప్యూటర్‌ను నేను తప్పు పట్టను. డ్రైవర్ కన్నా తనే ముందు భయపడే యంత్రం మంచిదే.

అంకెకు కింది హద్దు కూడా ఉంది, దాన్ని మూలవాక్యం చెప్పలేదు. ఆయిల్ 100కు దగ్గరగా చేరకపోతే, ఇంజన్‌లో పేరుకునే తేమా, రింగులు దాటి కిందికి జారిన పెట్రోలూ ఆవిరి కావు. ఎప్పుడూ 70 దగ్గరే తిరిగే ఆయిల్ కూడా చెడుతుంది. ఇంజన్‌కు 100 నుంచి 120 దాకా ఇష్టమైన చోటు. ఈ మాట గుర్తుంచుకోండి, థర్మోస్టాట్ దగ్గర పనికొస్తుంది.

దాటుతుంటే: ఆయిల్ నెమ్మదిగా కాగుతుంది, నెమ్మదిగానే ఆరుతుంది. ముల్లు ఎక్కడుందన్నది సగం సంగతే; చుట్టుకెంత ఎక్కుతోందన్నది మిగతా సగం. పొడుగాటి స్ట్రెయిట్ మీద బండి కుదురుగా ఉన్న క్షణంలో ఒక్కసారి చూసుకోండి. మూడో చుట్టులో 112, నాలుగులో 119, ఐదులో 125 అని కనబడితే ఆరో చుట్టు దాకా ఆగక్కర్లేదు. అదే 124 దగ్గర మూడు చుట్లుగా కదలకుండా నిలబడితే, అది కుదుటపడిన వేడి. అంత భయం లేదు.

గేరు పైకి వేసి నడుపు: పైసా ఖర్చులేని మందు ఇదే, అందరూ తేలిగ్గా తీసుకునేదీ ఇదే. బేరింగులో ఆయిల్ నలిగి పుట్టే వేడి, చిక్కదనం అంతే ఉందనుకుంటే, రెవ్వుల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 7500 దగ్గర మార్చే గేరును 5500 దగ్గరే పైకి వేస్తే ఆ వేడి సగానికి కాస్త ఎక్కువగా, నూటికి 54 పాళ్లకు పడిపోతుంది. చుట్టుకు రెండు మూడు సెకన్లు పోతాయి, పోనివ్వండి. రెండు చుట్లు అలా నడిపితే ముల్లు దిగుతుంది, మళ్లీ తొక్కొచ్చు. ముందు కారు తోక పట్టుకుని వెళ్తుంటే కాస్త పక్కకు తప్పుకోవడం కూడా ఇందులో భాగమే, వాడి వెనక వచ్చేదంతా వేడి గాలి. ఏసీ ఆపి హీటర్ పెట్టాలన్న పాత సలహా కూలెంట్‌కు కొంచెం పనిచేస్తుంది. ఆయిల్‌కు దక్కేది నామమాత్రం, మీకు దక్కేది చెమట.

చటుక్కున ఆపకు: చివరి చుట్టు మెల్లగా నడిపి రావాలి. ఆపగానే పంపు ఆగుతుంది; వేడి మాత్రం పిస్టన్లలో, హెడ్‌లో అలాగే ఉంటుంది. టర్బో కార్లలో ఇది మరీ ముఖ్యం, ఇరుసు దగ్గర చిక్కుకుపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. పిట్‌లో బానెట్ ఎత్తి, ఓ రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి. హ్యాండ్‌బ్రేక్ మాత్రం వెయ్యొద్దు. అది ఆయిల్ సంగతి కాదు, బ్రేకుల సంగతి, అయినా చెప్పాల్సిన చోటు ఇదే.

కూలర్: రెండు రకాలు. ఒకటి ఆయిల్‌ను కూలెంట్‌తో చల్లార్చేది, ఫిల్టర్ దగ్గర చిన్న పెట్టెలా ఉంటుంది. కంపెనీలకు ఇదంటే ఇష్టం. ఎందుకంటే ఉదయం పూట తొందరగా కాగే కూలెంట్ ఆయిల్‌ను కూడా కాచిపెడుతుంది, తర్వాత చల్లారుస్తుంది. కానీ ఆ వేడంతా రేడియేటర్ నెత్తిన పడుతుంది. రెండోది గాలితో చల్లార్చేది, బంపర్ వెనక బిగించే చిన్న రేడియేటర్. 370జెడ్‌కు బయట దొరికేవన్నీ ఇంచుమించు ఈ రకమే. 19 వరసలు, 25, 34 అని సైజులు చెబుతారు.

వరసలు ఎక్కువైతే మంచిదేనా? గాలి దారి బాగుంటేనే. కూలర్‌ను గాలి తగిలే చోట పెట్టడం అందరూ చేస్తారు, గాలి బయటికి పోయే దారి చాలామంది మరిచిపోతారు. వెనక దారి మూసుకుపోతే ముందునుంచి వచ్చే గాలి కూలర్ అంచుల చుట్టూ తప్పుకుని పోతుంది, రెక్కల్లోకి దూరదు. చుట్టూ ఫోమ్ పట్టీ, అల్యూమినియం రేకుతో దారి కట్టిన 19 వరసల కూలర్, గాల్లో వేలాడే 34 వరసల దానికంటే బాగా పనిచెయ్యొచ్చు. రేడియేటర్ ముందు పెడితే రేడియేటర్‌కు వేడి గాలి పోతుందన్న లెక్క కూడా వేసుకోవాలి. ఇక మన ఎండలు. కూలర్ పంపించే వేడి ఆయిల్‌కూ గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. ఆయిల్ 120, గాలి 20 అయితే తేడా 100. గాలి 40 అయితే 80. అంటే విదేశాల్లో వసంతకాలంలో పరీక్షించి 'చాలా బాగుంది' అన్న కూలర్ మద్రాస్ ట్రాక్‌లో మే నెలలో ఐదోవంతు తక్కువ పనిచేస్తుంది. టెక్సాస్‌లో ఉంటూ వారాంతాల్లో ట్రాక్ డేలకు వెళ్లే తెలుగువాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్ల ఆగస్టు మన మే నెలకేం తీసిపోదు.

బిగించడం దగ్గరే అసలు తంటా. ఇంజన్ బ్లాకుకూ ఫిల్టర్‌కూ మధ్య ఒక బిళ్ల, దాన్ని శాండ్‌విచ్ ప్లేట్ అంటారు. దాని నుంచి రెండు గొట్టాలు కూలర్‌కు. కొత్తగా పుట్టుకొచ్చిన ప్రతి అతుకూ ఆయిల్ కారే అవకాశం ఉన్న చోటే. ప్లేట్ పాత రబ్బరు రింగు మీదే కూర్చుంటే, గొట్టం ఎక్కడో చాసిస్ అంచుకు రాసుకుంటుంటే, ఒకరోజు ఒత్తిడితో ఉన్న వేడి ఆయిల్ సైలెన్సర్ పైపు మీద పడుతుంది. అది మంట. అందుకే బిగించాక కారు కింద తెల్లకాగితం పరిచి, ఆయిల్ బాగా కాగి థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఇంజన్ తిప్పి, ఆపి, ఒక్కో అతుకు కింద టార్చి వేసి చూడాలి. కాగితం మీద బఠాణీ గింజంత చుక్క పడినా మళ్లీ విప్పాల్సిందే. తర్వాత డిప్‌స్టిక్ చూసి తగ్గినంత ఆయిల్ పొయ్యాలి. కూలరూ గొట్టాలూ కలిసి కొంత మింగేస్తాయి.

ఒకసారి బేరింగు పోయిన ఇంజన్‌కు ఉన్న కూలర్‌ను కొత్త ఇంజన్‌కు తగిలించొద్దు. లోపలి సందుల్లో చిక్కుకున్న లోహపు రజను ఎంత కడిగినా పూర్తిగా పోదు, కొత్త బేరింగుల్లోకి చేరుతుంది. కూలర్ డబ్బు మిగుల్చుకుని ఇంజన్ పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

కూలర్ ఏదో కొత్త ఫ్యాషన్ అనుకునేవాళ్లకు పాత పోర్షె 911 గురించి ఒక మాట. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో చూపించిన ఆ కారు వంశం 1998 దాకా గాలితో చల్లబడే ఇంజన్‌తోనే నడిచింది. రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. పేరుకు గాలి, పనిలో చాలా భాగం ఆయిల్‌ది. అడుగున సంపులో కాక విడిగా ఒక ట్యాంకు, అందులో పది లీటర్లకు పైగా ఆయిల్, వెనక ఉన్న ఇంజన్ నుంచి ముందు కుడి చక్రం దగ్గరున్న కూలర్ దాకా పొడుగాటి గొట్టాలు. 370జెడ్‌లో ఉన్నది ఐదు లీటర్ల లోపే. ఎక్కువ ఆయిల్ ఉంటే కాగడానికి ఎక్కువసేపు పడుతుంది, అది కూడా ఒకరకం కూలింగే.

థర్మోస్టాట్ ఉన్నదే: కింది హద్దు గుర్తుందా? థర్మోస్టాట్ లేని కూలర్ ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంటుంది. జనవరిలో ఢిల్లీలో పొద్దున్నే బండి తీస్తే ఆయిల్ కాగడానికే అరగంట పడుతుంది, కొన్నిసార్లు అసలు కాగదు. తేమ, పెట్రోలు అందులోనే మిగిలిపోతాయి. చల్లటి, చిక్కటి ఆయిల్‌తో రెవ్వులు పెంచితే అరుగుదలా ఎక్కువే. అందుకే ప్లేటులోనే ఒక చిన్న మైనపు కవాటం ఉంటుంది. 80, 85 దాకా అది ఆయిల్‌ను కూలర్ వైపు పెద్దగా వెళ్లనివ్వదు. పూర్తిగా మూసెయ్యదు, కొద్దిగా కారుతూనే ఉంటుంది. లేకపోతే తెరుచుకున్న క్షణంలో కూలర్‌లో చల్లగా నిలవున్న ఆయిలంతా ఒక్కసారి ఇంజన్ మీద పడుతుంది. ధరలో తేడా కొంచెమే, అక్కడ కక్కుర్తి పడొద్దు.

గ్రేడు మార్చేముందు: '30 బదులు 50 పోసెయ్' అనే సలహా చౌక. అందులో నిజం లేకపోలేదు. 15డబ్ల్యూ-50 ఆయిల్ 130 దగ్గర ఉన్నప్పటి చిక్కదనం, 5డబ్ల్యూ-30 ఆయిల్ 100 దగ్గర ఉన్నప్పటి చిక్కదనానికి ఇంచుమించు సమానం. షెవ్రొలే వాళ్లు సి7 కార్వెట్ యజమాని పుస్తకంలో ట్రాక్‌కు వెళ్లేముందు 15డబ్ల్యూ-50 పొయ్యమని రాసింది ఇందుకే. అయితే చిక్కటి ఆయిల్ నలిగినప్పుడు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. ముల్లు నాలుగైదు డిగ్రీలు పైకే వెళ్లొచ్చు, పొర మాత్రం గట్టిగా ఉంటుంది. వేడి అంకెనే దేవుడిగా కొలిచేవాడు దీన్ని చూసి ఆయిల్ పాడైందనుకుంటాడు. పొద్దున్న స్టార్టింగులో అది పైదాకా ఎక్కడానికి ఆలస్యం చేస్తుందన్నది ఇంకో ముడి. 370జెడ్ ఇంజన్‌లో మరో చిక్కుంది. కవాటాల లిఫ్టర్ల మీద నల్లటి వజ్రం లాంటి కార్బన్ పూత ఉంటుంది, దానికి సరిపడేలా నిస్సాన్ ఎస్టర్ ఉన్న 5డబ్ల్యూ-30 సిఫారసు చేసింది. కాబట్టి 40 గ్రేడు దాకా వెళ్లొచ్చేమో గానీ, షాపువాడు ఇచ్చిన ఏదో 50 తెచ్చి పొయ్యడం నాకు నచ్చదు.

ప్రెజర్ చూడు: 370జెడ్‌లో ఆయిల్ వేడికి మీటరుంది, ఆయిల్ ఒత్తిడికి లేదు. దానికంటే ముందు వచ్చిన 350జెడ్‌లో ఒత్తిడి మీటరు ఉండేది! పైగా ఈ ఇంజన్‌కు ఒక తెలిసిన జబ్బుంది. టైమింగ్ కవర్ లోపల ఆయిల్ దారికి అడ్డం పెట్టిన కాగితపు గ్యాస్కెట్లు కాలక్రమంలో తెగి, ఒత్తిడి లోపలే కారిపోతుంది. తర్వాత వాటిని లోహపువి చేశారు. గ్యాస్కెట్ తెగితే వేడి ముల్లు మామూలుగానే ఉంటుంది, కూలర్ ఎంత పెద్దదైనా చేసేదేమీ లేదు.

ఎర్ర దీపం ఉందిగా అంటారా? ఆ దీపం వెలిగేది ఒత్తిడి దాదాపు అర బార్ లోపలికి పడ్డాకే. 7000 రెవ్వుల మీద ఉన్న బేరింగుకు అప్పటికే అన్నీ అయిపోయి ఉంటాయి. కాబట్టి కూలర్ కొనేముందే ఒక మంచి ప్రెజర్ మీటరు కొనండి. పాత రేసింగ్ లెక్క ప్రకారం వెయ్యి రెవ్వులకు పది పీఎస్ఐ ఉంటే సరిపోతుంది. అది మోటు లెక్కే, ఒక్కో ఇంజన్‌కు ఒక్కో స్వభావం. చెయ్యాల్సిందేమిటంటే కారు బాగున్న రోజున, ఆయిల్ 110 దగ్గర, 3000 రెవ్వుల మీద ఎంత ఉందో, 6000 మీద ఎంత ఉందో రాసి పెట్టుకోవాలి. తర్వాత ప్రతిసారీ అదే వేడి, అవే రెవ్వుల దగ్గర పోల్చాలి. పొడుగాటి మలుపులో మాత్రమే ముల్లు వణికితే అది వేడి సంగతి కాదు, ఆయిల్ సంపులో ఒక పక్కకు పోయి పంపుకు గాలి అందుతోంది. ముందు లెవెల్ పై గీత దాకా ఉందో లేదో చూడండి. అన్నిచోట్లా ఒకేలా అర బారో, ముప్పావు బారో తగ్గితే ఆయిల్‌లో పెట్రోలు కలిసిందేమో, ఆయిల్ వయసు అయిపోయిందేమో తేల్చుకోండి. కొత్త ఆయిల్ పోశాక కూడా ఆ తగ్గుదల అలాగే ఉంటే టైమింగ్ కవర్ విప్పించే వేళయింది. అప్పుడు చిక్కటి గ్రేడు పోస్తే ముల్లు పైకి లేస్తుంది గానీ, తెగిన గ్యాస్కెట్ తెగినట్టే ఉంటుంది.